తీసేసిన గడి

దేవునికి స్తోత్రం
గుంటూరు,
14 సెప్టెంబరు 2008.

ఒసే షమా,

బతికే ఉన్నావా? హాస్టల్లో మూడేళ్లు నా దుప్పటి కూడా లాక్కుని పడుకున్న మనిషివి, హైదరాబాదు వెళ్లాక మూడు వాక్యాల ఈమెయిలుతో సరిపెడతావా? అదైనా నేను చదివేలోపు మా ఆఫీసులో నలుగురు చదివేశారు. ఫోనులో మాట్లాడదామంటే మా ఇంట్లో ఉన్నది ఒకటే గది. నేను హలో అనగానే నాన్న ప్రార్థన ఆపి మరీ వింటాడు. అందుకని ఇకమీదట మనకి ఉత్తరాలే. స్టాంపులు కొనుక్కో.

నాకు ఉద్యోగం వచ్చిందని నీకు తెలుసు, ఏం ఉద్యోగమో చెప్పలేదు. బ్రాడీపేటలో మందుల షాపు మీద మేడ, అందులో అయిదుగురం. మా సారు ప్రసన్నకుమార్ గారు మా చర్చిలోనే పాటలు పాడతారు, మంచి మనిషి, కోపం తెలియదు. మిర్చి కోల్డ్ స్టోరేజీలకు మేం ప్రోగ్రాములు రాస్తాం. గదులు చల్లగా ఉండటానికి గొట్టాల్లో అమ్మోనియా పారుతుంది కదా, అది ఎక్కడైనా కారితే గోడమీది మీటరు పసిగడుతుంది. అప్పుడు సైరన్ మోగాలి. ఎంత కారితే మోగాలి, ఎంతసేపు కారితే మోగాలి అన్నది మా ప్రోగ్రాము చెబుతుంది. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు మోసేవాళ్లూ, లోపల ఊడ్చేవాళ్లూ ఆ కూత వినబడగానే బయటికి పరిగెత్తాలి.

అసలు విశేషం ఇప్పుడు విను. మా ప్రోగ్రాములన్నీ మీ కంపెనీ సైటులోనే దాస్తున్నాం. ఖాతా ఎవరి పేరున ఉందనుకున్నావ్? నీ స్నేహితురాలి పేరునే. ఆఫీసులో ఇంటర్నెట్ ఉన్న కంప్యూటరు ఒక్కటే, అది నా బల్ల మీద ఉంది, ఫారం నేనే నింపాను. నా ఫోటో కూడా పెట్టాను, మన ఫేర్వెల్ రోజున గులాబీ పెట్టుకుని తీయించుకున్నది. ఇప్పుడు ఎవరు ఏది మార్చినా నా కుర్చీలో కూర్చుని పంపుతారు, పక్కన నా ఫోటో నవ్వుతూ ఉంటుంది. ఒకరోజు నేను లాగవుట్ చేసి అన్నానికి వెళ్తే మాలిక్ అని మా సీనియర్ ఉన్నాడులే, "ఇంట్లో మనుషులుండగా తాళమేసుకుని పోతారా ఎవరైనా?" అని కేకలేశాడు. అప్పటినుంచి పాస్‌వర్డు చీటీ మానిటరుకే అంటించి ఉంటుంది.

నువ్వక్కడ ఏం వెలగబెడుతున్నావో రాయి.

నీ
జయ

*

786
హైదరాబాదు,
28 సెప్టెంబరు 2008.

జయా,

నీ ఉత్తరం వచ్చిన రోజునే చీరాల వెళ్లాల్సి వచ్చి, రైల్లో నాలుగుసార్లు చదివాను. మా అమ్మకి చూపించాను. ఆవిడకి తెలుగు చదవడం రాదు, దేవుడి మాట మాత్రం చూసి గుర్తుపడుతుంది. పైన నువ్వు రాసిన స్తోత్రం చూసి కళ్లకద్దుకుని, బిస్కెట్ల డబ్బాలో పెట్టింది. ఇక నీ ఉత్తరాలన్నీ ఆ డబ్బాలోకే. నువ్వు గొప్పదానివైపోతే అమ్ముకుంటాను.

నేనేం చేస్తున్నానో చెబుతాను. అమ్మకి చెప్పీ చెప్పీ అలవాటైపోయింది, నీకూ అలాగే వస్తుంది, తిట్టకు. ప్రోగ్రాములో ఏ రోజు ఏ అక్షరం మార్చినా పాతదీ కొత్తదీ రెండూ దాచి, పక్కన మార్చినవాళ్ల పేరు రాసిపెట్టే సైటు మాది. దానికి ఇప్పుడొక కిటికీ పెడుతున్నాం, రైల్వే రిజర్వేషన్ కౌంటరు లాంటిది. మనుషులు కాదు, వేరే ప్రోగ్రాములు వెబ్‌లో వచ్చి ఈ మార్పు ఎవరు చేశారని అడిగితే జవాబు చెబుతుంది. దాన్నే వెబ్ ఏపీఐ అంటున్నారు. ఆ కిటికీ దగ్గర యూజరు అంటే ఎవరు, అతని గురించి ఏమేం గళ్లు ఉండాలి అన్నది పూర్తిగా నా పని. మొత్తం కంపెనీలో నాకొక్కదానికే ఇచ్చారు తెలుసా?

పేరు, లాగిన్, ఈమెయిలు, ఫోటో, చేరిన తేదీ. ఇవి అందరికీ తడతాయి. ఖాతా మూసేస్తే ఏమవ్వాలి అన్నదాని మీద వారం రోజులు వాదించుకున్నాం. నేను ఒకటే మాట మీద నిలబడ్డాను. ఖాతా మూసినా పాత మార్పుల పక్కన పేరు చెరగకూడదు, చేసిన పని చేసినవాళ్లదే. అదే ఖాయమైంది.

కానీ నీ ఉత్తరం చదివాక నాకు నిద్రమత్తు వదిలింది. ఒక ఖాతాలో అయిదుగురు కూర్చుంటారని మాలో ఒక్కరికీ తట్టలేదు. వెంటనే ఒక గడి కలిపాను. ఖాతా ఎవరిదో ఒక గడి, ఆ సమయంలో కూర్చున్నది ఎవరో ఇంకో గడి. రెండోదానికి పేరేం పెట్టానో తెలుసా, 'కుర్చీ'. నీ కుర్చీయే అది. ఎవరు ఎలా కూర్చుంటారో ఇంకా వివరంగా రాయి, నాకు పనికొస్తుంది.

షమా

*

దేవునికి స్తోత్రం
గుంటూరు,
9 నవంబరు 2008.

షమా,

ప్రపంచంలో ఎక్కడెక్కడి ప్రోగ్రాములో వచ్చి నా కుర్చీ గురించి అడుగుతాయంటే ఒళ్లు పొంగిపోయింది. ఆఫీసులో చెప్పాలనిపించి ఆగాను, మీ నియమాల్లో ఒక ఖాతా ఒక్కరే వాడాలని ఉందట కదా. ఫారం నింపిన రోజు అది నేను చదవలేదు. ఎవరు చదువుతారే అవి?

నువ్వడిగావు కాబట్టి చెబుతున్నాను. పొద్దున నేను, పదకొండింటికి మాలిక్, భోజనాల తర్వాత మిగతా ఇద్దరు, సాయంత్రం ఒక్కోసారి సారు. వేరువేరు ఖాతాలు తీసుకుందామని నేనొకసారి సారుతో అన్నాను. ఆయన నవ్వి, "మనదంతా ఒకే చెయ్యమ్మా, ఇంట్లో ఎన్ని సంతకాలుంటాయి?" అన్నారు. కోల్డ్ స్టోరేజీ వాళ్లు కూడా నలుగురి పేర్లు చూస్తే ఎవర్ని అడగాలో తెలియక తికమకపడతారట, ఒక్క పేరుంటే నమ్మకమట. నిజం చెప్పొద్దూ, ఆ ఒక్క పేరూ నాదేనని నాక్కూడా గర్వంగా ఉంది. మా నాన్న యేసుపాదం కూతురి పేరు వాళ్లకి కంప్యూటరులో వందసార్లు కనిపిస్తుంది. అమ్మా నాన్నా ఇద్దరూ ఇరవై ఏళ్లు ఆ మిర్చి గోడౌన్లలోనే తొడిమలు తీశారు. అక్కడ వాళ్ల పేరు ఎవరికీ అక్కర్లేదు.

ఒక్క మాట. నేను ఎదుటివాళ్ల మార్పులు కూడా సాయంత్రం ఒకసారి చూసుకుంటాను. నా ఫోటో కింద ఏం పెట్టారో నాకు తెలియాలిగా. నీ కుర్చీ గడి వచ్చాక ఆ కాపలా తప్పుతుంది, త్వరగా కానివ్వు.

నీ
జయ

*

786
హైదరాబాదు,
25 జనవరి 2009.

జయా,

ఆలస్యానికి తిట్టుకో. హాస్టలు మారాను, అమీర్‌పేట వదిలేశాను. కిటికీ తెరిచాం, వారం అవుతోంది, అందరూ మెచ్చుకుంటున్నారు. నా పేరు పెద్దవాళ్ల మీటింగులో చెప్పారట.

కుర్చీ గడి తీసేశాను.

మా మేనేజరు చెప్పింది విన్నాక నాకూ సబబుగానే అనిపించింది. గడి ఉంటే ఎవరూ నింపరు, ఖాళీగా కనబడితే చూసినవాళ్లకి అనుమానం పుడుతుంది. ఒక మార్పుకి ఒక ఖాతా, ఒక ఖాతాకి ఒక మనిషి. అడిగినవాళ్లకి ఒక్క జవాబు, శుభ్రంగా. ఇద్దరు పంచుకోకూడదని ఎలాగూ నియమం ఉంది కదా అన్నాడు. ఇలా పంచుకునేవాళ్లు నీకెవరైనా తెలుసా అని కూడా అడిగాడు. తెలియదన్నాను. తెలుసు అంటే ఆ రోజే మీ ఖాతా ఆపేస్తారు, మీ ప్రోగ్రాములన్నీ లోపల చిక్కుకుపోతాయి. నీ కోసమే అబద్ధం ఆడాను, ఈసారి వచ్చినప్పుడు బిర్యానీ పెట్టించు.

ఇంకా జాగ్రత్తగా ఉండాలంటే ఆ చీటీ చించి పారెయ్. అంతే, ఇందులో భయపడాల్సింది ఏమీ లేదు.

షమా

*

దేవునికి స్తోత్రం
గుంటూరు,
2 మార్చి 2009.

షమా,

చీటీ చించాను. రెండోరోజుకి మాలిక్ ఇంకోటి రాసి అంటించాడు, ఈసారి పైన టేపు కూడా వేశాడు.

నీకొక సంగతి చెప్పాలి, నాకు మనసు బాగాలేదు. పోయిన వారం పొన్నూరులో మా పిన్ని కూతురి పెళ్లికి రెండు రోజులు వెళ్లాను. తిరిగి వచ్చి ఎప్పటిలాగే మార్పులన్నీ చూసుకుంటే ఒకటి కొత్తగా ఉంది. గ్యాసు హద్దు దాటి ఒక నిమిషం ఉంటే సైరన్ మోగాలని మేం రాసుకున్నాం. ఆ ఒకటిని ఇరవై చేశారు. ఇరవై నిమిషాలు. ఎందుకు మార్చారో పక్కన ఒక్క ముక్క రాయలేదు. ఫిబ్రవరి ఇరవై ఆరు, పదకొండున్నర, జయకుమారి, నా గులాబీ ఫోటో. ఆ సమయానికి నేను పొన్నూరులో వడ్డన చేస్తున్నాను.

మాలిక్‌ని అడిగాను. దాచలేదు. "కాయ దిగే రోజులు. తలుపులు తెరిచీ మూసీ ఉంటారు, ఊరికే సైరన్ మోగుతోంది, మోగినప్పుడల్లా హమాలీలు టిక్కీలు కింద పడేసి పరిగెడుతున్నారు. ఓనరు సారుకి ఫోన్ చేశాడు, సారు నాకు చెప్పాడు, మార్చాను. సీజను అయ్యాక మళ్లీ ఒకటి చేద్దాం" అన్నాడు. సారుని అడిగితే ఆయన కూడా అదే అన్నారు, పైగా కంగారు పడకమ్మా అని టీ తెప్పించారు.

నాకేమనిపిస్తోందంటే, ఆ మార్పు కిందే నేనొక ముక్క రాసి పెడతాను. ఇది నేను చేయలేదు, ఇరవై నిమిషాలు ప్రమాదం, మళ్లీ ఒకటి చేయాలి అని. మీ సైటులో అలా రాసే వీలుంది కదా. రాయొచ్చా? నీ మాట విన్నాకే రాస్తాను.

జయ

*

786
హైదరాబాదు,
9 మార్చి 2009.

జయా,

రాయకు.

ఇన్‌లాండ్ లెటరు మీద త్వరగా రాస్తున్నాను, తప్పుగా అనుకోకు. నువ్వు అక్కడ ఒక్క ముక్క రాసినా అది ఎప్పటికీ చెరగదు, కిటికీలోంచి అడిగిన ప్రతివాళ్లకీ కనబడుతుంది. నేను చేయలేదు అని రాస్తే ఇంకెవరు చేశారని అడుగుతారు. ఖాతా పంచుకున్నారని తెలుస్తుంది. మన ఇద్దరి స్నేహం మా ఆఫీసులో అందరికీ తెలుసు, నీ ఫోటో నా బల్ల మీద ఉంది. తెలియదని మేనేజరుతో చెప్పింది నేను. నా ఉద్యోగం పోతుంది, నీదీ పోతుంది.

సీజను ఇంకెన్ని రోజులు, రెండు నెలలు. అయ్యాక వాళ్లే మార్చేస్తామన్నారు కదా. అంతవరకూ ఊరుకో. గ్యాసు కారితే ఎవరికైనా ముక్కు ఉంటుంది, సైరన్ మోగేదాకా కూర్చుంటారా? ఈలోగా వీలు చూసుకుని కుర్చీ గడి సంగతి మళ్లీ ఎత్తుతాను. మాటిస్తున్నాను.

ఈ ఉత్తరం చదివాక చించెయ్.

షమా

*

దేవునికి స్తోత్రం
గుంటూరు,
19 ఏప్రిల్ 2009.

షమా,

నువ్వు చెప్పినట్టే ఊరుకున్నాను. ఏమీ రాయలేదు.

నిన్న సారు పంపితే మీటర్లు చూడటానికి ఆ కోల్డ్ స్టోరేజీకే వెళ్లాను. మూడో గదిలో పైఅంతస్తులో ఊడ్చే ఆవిడ అంకమ్మ, మా అమ్మతో కలిసి తొడిమలు తీసిన మనిషి. నన్ను చూసి చీపురు పక్కన పడేసి, "యేసుపాదం కూతురివి గదంటే, చలికోటు లేకుండా వచ్చావేందే" అని తన తలగుడ్డ తీసి నా మెడకి చుట్టింది. లోపల నా కళ్లు మండి నీళ్లు కారుతుంటే నవ్వింది. వాళ్లకి ఎప్పుడూ మండుతూనే ఉంటాయట, అది మిర్చి ఘాటో గొట్టాల వాసనో పట్టించుకోవడం మానేసి చాలా ఏళ్లయిందట. మరి నిజంగా గ్యాసు కారితే ఎట్లా తెలుస్తుందని అడిగాను. "కూత పెట్టుద్దిగా. మేస్త్రీ కూడా అదే చెప్పాడు, కూత ఇనపడిందాకా పని ఆపొద్దని" అంది.

ఎవరికైనా ముక్కు ఉంటుందని రాశావు నువ్వు. నేను ఆ మాట ఆవిడతో అనలేకపోయాను. ఇరవై సంగతీ చెప్పలేకపోయాను. మెట్లు దిగి వచ్చేశాను. ఆ తలగుడ్డ నా మెడకే ఉండిపోయింది, తిరిగి ఇవ్వాలి.

ఇంకో నెలే అని రోజూ అనుకుంటున్నాను. కుర్చీ గడి సంగతి ఎత్తావా?

జయ

*

దేవునికి స్తోత్రం
గుంటూరు,
9 మే 2009.

షమా,

అంకమ్మ చనిపోయింది.

సోమవారం, మే నాలుగు. పదకొండూ నాలుగుకి మూడో గదిలో గొట్టం అతుకు ఊడింది. మీటరు ఆ నిమిషమే పట్టుకుంది, ఆ అంకె నేను కళ్లారా చూశాను. సైరన్ పదకొండూ ఇరవై నాలుగుకి మోగింది. తలుపు దగ్గర ఉన్న ఇద్దరు ఆడవాళ్లు దగ్గుకుంటూ బయటపడ్డారు. ఆవిడ పైఅంతస్తులో ఉంది. ఘాటు ఎక్కువైందని ఒకావిడ కింద నుంచి కేకేస్తే, ఇంకా కూత పెట్టలేదుగా, ఈ వరస ఊడ్చి వస్తానందట. పెద్దాసుపత్రిలో రెండు రోజులుంది. నేను వెళ్లేసరికి కళ్లకి కట్టు కట్టి ఉంది. నేనని చెప్పలేదు.

ఎంక్వయిరీ వేశారు. పోలీసులు మీ కంపెనీని అడిగి ఒక కాగితం తెప్పించారు. ఫిబ్రవరి ఇరవై ఆరు, పదకొండున్నర, ఒకటి తీసి ఇరవై, చేసింది జయకుమారి. పక్కన నా ఫోటో, గులాబీతో సహా. సీఐ గారు ఆ ఫోటోనీ నన్నూ మార్చి మార్చి చూశారు. మాలిక్ ఫోను పనిచేయడం లేదు, ఒంగోలులో ఉన్నాడంటున్నారు. ప్రసన్నకుమార్ గారు బైబిలు మీద చెయ్యి పెట్టి, ఆ ఖాతా ఆ అమ్మాయిదే, పాస్‌వర్డు కూడా ఆ అమ్మాయిదే, నాకు కంప్యూటరు ముట్టుకోవడం రాదని చెప్పారు. చీటీ ఎప్పుడు తీశారో, మానిటరు మీద టేపు మరక మాత్రం ఉంది. పొన్నూరులో ఉన్నానంటే, పాస్‌వర్డు ఉంటే పొన్నూరు నుంచైనా చేయొచ్చు కదమ్మా అన్నారు సీఐ గారు. చేయొచ్చు.

మా ఇంటి ముందు రోజూ అంకమ్మ మనుషులు వచ్చి నిలబడుతున్నారు. అమ్మ నన్ను తలుపు దగ్గరికి రానివ్వడం లేదు. నామీద కేసు పెడతారంటున్నారు.

నాకు కావాల్సింది ఒకటే. సెప్టెంబరు నుంచి మార్చి దాకా నేను నీకు రాసిన ఉత్తరాలు పంపు. అయిదుగురం ఒకే ఖాతాలో కూర్చుంటామని ప్రమాదానికి ఎనిమిది నెలల ముందే రాశాను, పోస్టాఫీసు ముద్రతో ఉన్నాయి. మాలిక్ నాతో అన్నమాట, అన్న వారంలోనే రాశాను. నేను చెప్పేది ఇప్పుడు కల్పించింది కాదని చూపించడానికి లోకంలో అవి తప్ప ఇంకేం లేవు. రిజిస్టర్డ్ పోస్టులో పంపు. నువ్వు కూడా వచ్చి చెబితే ఇంకా మంచిది.

జయ

*

హైదరాబాదు,
22 మే 2009.

జయకుమారికి,

చెయ్యి నొప్పిగా ఉండి కంప్యూటరులో కొట్టి ప్రింటు తీసి పంపుతున్నాను. జరిగినదానికి చాలా బాధపడ్డాను. అంకమ్మ గారి కుటుంబానికి నా సానుభూతి.

పోలీసుల లేఖ మా ఆఫీసుకు వచ్చినప్పుడు జవాబు తయారుచేసే పని నాకే అప్పగించారు. మా రికార్డు ప్రకారం ఉన్నదే ఇచ్చాను. రికార్డులో లేనిది చేర్చే అధికారం నాకు లేదు. ఒక ఖాతా ఒక్కరే వాడాలన్నది మొదటినుంచీ మా నియమం, చేరేటప్పుడు నువ్వు దానికి ఒప్పుకున్నావు.

నీ ఉత్తరాల గురించి అడిగావు. జనవరిలో హాస్టలు మారినప్పుడు ఒక సంచీ పోయింది, అవన్నీ అందులోనే ఉన్నాయి. ఏమీ మిగల్లేదు. చాలా చింతిస్తున్నాను.

ప్రస్తుతం పని ఒత్తిడి వల్ల రాలేను. ఆఫీసుకు ఫోన్ చేయవద్దని మనవి. మంచి లాయరును చూసుకో.

షమా

*

దేవునికి స్తోత్రం
గుంటూరు,
3 జూన్ 2009.

షమాకి,

నీ ప్రింటు అందింది. నీ ఉత్తరం పైన 786 లేకపోవడం ఇదే మొదటిసారి.

ఉత్తరాలన్నీ జనవరిలో పోయాయని రాశావు. నేను ఇరవై నిమిషాల సంగతి రాసింది మార్చి రెండున. జనవరిలో పోయిన సంచీలో మార్చి ఉత్తరం ఎలా ఉంటుందే? అది చదివి నవ్వొచ్చింది, ఆ తర్వాత చాలాసేపు ఏడ్చాను. నువ్వు అబద్ధం ఆడావని కాదు. ఇంత తెలివిగలదానివి, నాకోసం ఒక మంచి అబద్ధం ఆలోచించే తీరిక కూడా లేకపోయిందని.

మొన్న ఆదివారం చీరాల వెళ్లాను. మీ అమ్మ నన్ను చూసి ఎంత సంతోషించిందో చెప్పలేను. మీ నాన్న మగ్గాల దగ్గరికి వెళ్లారట. చాప వేసి కూర్చోబెట్టి, సేమ్యా పెట్టి, చిక్కిపోయావేంటని నా చెంపలు పట్టుకుని చూసింది. ఆవిడకి ఏమీ తెలియదు. నేను అడగకముందే బిస్కెట్ల డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"మొన్న వచ్చినప్పుడు షమా ఇవి కాల్చెయ్యమంది బిడ్డా. అగ్గిపెట్టె కూడా చేతికిచ్చి రైలుకెళ్లింది. పైన దేవుడి పేరుంది, ఏ దేవుడైతే ఏంటి, పొయ్యిలో ఎట్టా పెట్టమంటావు? సముద్రంలో కలుపుదామని ఉంచా. నీ రాతలు నువ్వే తీసుకుపో" అంది.

హైదరాబాదులో నీకు పొయ్యి దొరక్క కాదు. నువ్వే కాల్చి ఉండొచ్చు, నిమిషం పని. జహీరున్నీసా గారి కూతురివి, దేవుడి పేరున్న కాగితం ఆవిడ కాల్చదని నీకు తెలియకపోదు. తెలిసే ఇచ్చావో, భయంలో మరిచిపోయావో నాకు తెలియదు. తెలిసే ఇచ్చావని అనుకోవాలనుంది, అనుకోవడానికి ధైర్యం చాలడం లేదు. ఎందుకు కావాలమ్మా అని ఆవిడ అడిగితే ఊరికే చదువుకోవడానికని చెప్పాను. అంటే ఆవిడతో నేనూ అబద్ధమే ఆడాను.

నీ ఉత్తరాలు నా దగ్గర ఎలాగూ ఉన్నాయి. చించెయ్యమన్నది కూడా చించలేదు. ఇప్పుడు రెండు వైపులవీ తేదీల వరసలో పెట్టి, అమ్మ చేత దబ్బనంతో కుట్టించాను. లాయరు గారు మొత్తం చదివి కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు. తర్వాత, వీటితో నువ్వు బయటపడతావు గానీ పూర్తిగా బయటపడవు అన్నారు. ఆయన అన్నది నిజం. ఆ ఇరవైని నేను చూశాను. మార్చి రెండు నుంచి మే నాలుగు దాకా నా కుర్చీలో నేను కూర్చునే ఉన్నాను, ఒక అంకె మార్చడానికి నా పాస్‌వర్డు నాకు చాలు. నువ్వు రాయకు అన్నావు, నేను రాయలేదు. ఏప్రిల్లో అంకమ్మ ఎదురుగా నిలబడి కూడా చెప్పలేదు. మాలిక్ మార్చాడు, సారు మార్పించారు, నువ్వు గడి తీశావు. తెలిసి ఊరుకున్నది మాత్రం మనమిద్దరమే. ఆవిడ తలగుడ్డ ఇంకా మా ఇంట్లోనే ఉంది.

సోమవారం, ఎనిమిదో తేదీ, పదిన్నరకి కలెక్టరాఫీసులో ఎంక్వయిరీ. ప్రసన్నకుమార్ గారు వస్తారు. మాలిక్‌ని ఒంగోలు నుంచి తీసుకొస్తున్నారట. అంకమ్మ కూతురు వస్తుంది. ఆ పిల్లకి చదువు రాదు, అందుకని ఉత్తరాలన్నీ మొదటినుంచీ గట్టిగా చదవమని అడిగింది. అధికారి సరేనన్నారు. ఈ ఉత్తరం నకలు కూడా అడుగున కుడుతున్నాను.

నీవి నువ్వు చదువు, నావి నేను చదువుతాను. రాకపోతే నీవి కూడా నేనే చదువుతాను, నీ చేతిరాత నాకు బాగా అలవాటే. సోమవారం పొద్దున రైలుకి రావద్దు, ఆలస్యమవుతుంది. ఆదివారమే వచ్చి మా ఇంట్లో పడుకో, దుప్పటి ఇస్తాను.

నా పక్కన ఇంకో కుర్చీ వేయించమని గుమాస్తాకి చెప్పి వచ్చాను. ఎవరి పేరు రాయమంటారని అడిగాడు. నీ పేరే రాయించాను.

జయకుమారి